బ్రెక్కా చుట్టాలు

ఆ జూలై ఉదయం కోల్బెయిన్ చేయవలసిన పని ఒక్కటే. జీపు వేసుకుని పడమటి వైపు గంట ప్రయాణం దూరంలో ఉన్న హోటల్‌కు వెళ్ళాలి. కెనడా నుంచి వచ్చిన చుట్టాలిద్దరు దాని గుమ్మం ముందు నిలబడి ఉంటారు. వాళ్ళను ఎక్కించుకుని, దారిలో జలపాతమూ నల్ల ఇసుక తీరమూ చూపించి, భోజనం వేళకు వీక్ ఊళ్ళో యోరున్ పెద్దమ్మ ఇంటికి చేర్చాలి. భోజనమయ్యాక అందరూ కలిసి హిమానీనదం చూసిరావాలి. ఇందులో తప్పు చేయడానికి చోటు లేదని అతనికి అనిపించింది. అతని భార్య హల్బెరాకు మాత్రం ఉందనే అనిపించింది.

"మొహాలు చూసి ఎక్కించుకో. వాళ్ళు నీ బస్సు పిల్లలు కారు," అంది కాఫీ పోస్తూ.

కోల్బెయిన్ ఆ ప్రాంతపు బడి బస్సు నడుపుతాడు. తలుపు తెరుస్తాడు, ఎక్కినవాళ్ళను దించుతాడు. ఒకసారి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లాణ్ణి కూడా బడికి తెచ్చేశాడు. వాడు సాయంత్రం దాకా బుద్ధిగా చదువుకుని వెళ్ళాడు.

"ఇంకో మాట. నోరు తెరిచి మాట్లాడు," అంది హల్బెరా.

"ఏం మాట్లాడను?"

"చుట్టాలతో ఏం మాట్లాడతారో అదే."

"మీ చుట్టాలతో నేనెప్పుడు మాట్లాడాను కనక."

"అందుకే చెప్తున్నా. కనపడగానే కావలించుకో."

"ఇద్దర్నీనా?"

"ఇద్దర్నీ. ఇన్నాళ్ళకి మిమ్మల్ని చూశాం, అదే చాలు అను."

కోల్బెయిన్ ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో రెండుసార్లు గొణుక్కుని టోపీ పెట్టుకున్నాడు.

హల్బెరా ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. యోరున్ ఆమె తల్లికి అక్క. తొంభై దాటిన మనిషి. యోరున్ వాళ్ళ పెదనాన్న బ్యార్ని, మీసాలు రాని వయసులో బ్రెక్కా అనే తమ పొలం వదిలి కెనడా ఓడ ఎక్కాడు. మళ్ళీ కబురు లేదు. యోరున్ తండ్రి చచ్చిపోయేదాకా అన్న గురించి అడుగుతూనే ఉన్నాడు. ఆయన తర్వాత ఆ అడగడం యోరున్ అందుకుంది. చివరికి హల్బెరా కంప్యూటరు ముందు కూర్చుని మూడేళ్ళు వెతికి మానిటోబాలో వాలెస్ అనే ఆయన్ను పట్టుకుంది. ఆయన తాత పేరు బ్యార్ని, ఊరు ఐస్లాండ్ దక్షిణ తీరం, పొలం పేరు బ్రెక్కా. ఇంకేం కావాలి. రైల్వేలో పనిచేసి రిటైరైన వాలెస్, భార్య థెల్మాను తీసుకుని వస్తున్నాడు.

కోల్బెయిన్ అనుకున్న వేళకంటే ముందే హోటల్ చేరాడు. గుమ్మం ముందు పొడుగాటి ముసలాయన ఒకడు, తెల్లజుట్టు కత్తిరించుకున్న భార్యతో సహా వాన కోట్లు వేసుకుని నిలబడి ఉన్నాడు. కోల్బెయిన్ హల్బెరా చెప్పినట్టే మొహాలు చూశాడు. చుట్టాల మొహాల్లాగే ఉన్నాయి. అయినా జాగ్రత్త కోసం అడిగాడు.

"కుటుంబం కోసమేనా చూస్తున్నారు?"

"అవును, ఐస్లాండ్ కుటుంబం కోసమే," అంది ఆవిడ నవ్వుతూ.

కోల్బెయిన్ ఆవిడను కావలించుకున్నాడు. తర్వాత ఆయన్ను కావలించుకున్నాడు. "ఇన్నాళ్ళకి మిమ్మల్ని చూశాం, అదే చాలు," అని అప్పజెప్పాడు.

వాళ్ళు హాలండ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆయన పేరు యూప్, ఆవిడ టీనెకె. ఒక టూర్ కంపెనీలో 'ఐస్లాండ్ కుటుంబంతో ఒక రోజు' అనే యాత్రకు చోటు కొనుక్కున్నారు. జలపాతం, బామ్మ చేతి భోజనం, హిమానీనదం. మిమ్మల్ని సొంత చుట్టాల్లా చూసుకుంటాం అని ఆ కంపెనీ మాట ఇచ్చింది.

"అప్పుడే మొదలుపెట్టేశారే," అన్నాడు యూప్ తన భాషలో భార్యతో.

కోల్బెయిన్‌కు ఆ భాష చెవిన పడింది. ఎక్కడో ఒక మాట తమ భాషలాగే ఉంది, తక్కినదంతా గొంతులో గరగర. పాపం, కెనడా చలికి, మనుషులు లేని మైదానాలకు, మన భాష ఎంత అరిగిపోయిందో అని అతనికి జాలేసింది. ముసలాయన తన పేరు యూప్ అన్నప్పుడూ అతను తడబడలేదు. అతని సొంత అన్నకు చర్చిలో ఏం పేరు పెట్టారో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఇంట్లో పిలిచే పేరే పేరు.

జీపు వెళ్ళిన కాసేపటికి అసలు వాలెస్, థెల్మా హోటల్లోంచి బయటికి వచ్చారు. వాలెస్ చెవి మిషను పరుపు కింద పడిపోతే ఇద్దరూ మంచాన్ని పక్కకు లాగి వెతికారు. అది దొరికింది గాని పనిచేయలేదు. బయట ఎల్వా అనే అమ్మాయి తెల్ల వ్యానుతో ఎదురుచూస్తోంది. టూర్ కంపెనీ అమ్మాయి. "ఐస్లాండ్ కుటుంబంతో గడపడానికి వచ్చింది మీరేనా?" అని అడిగింది. మేమే అంది థెల్మా. ఎల్వా దగ్గర ఉన్న పేరు ఆ అమ్మాయి నోటికి తిరగనిది. ఎలాగో చదివింది. వాలెస్‌కు ఏమీ వినపడలేదు కనక తలూపాడు. ముగ్గురూ సంతోషంగా వ్యాను ఎక్కారు.

కోల్బెయిన్ మొదట జలపాతం దగ్గర ఆపాడు. కొండ అంచు నుంచి పడే ఆ నీటి వెనక నడిచి వెళ్ళడానికి దారి ఉంది. ముగ్గురూ తల నుంచి కాళ్ళదాకా తడిసి అవతలికి వచ్చారు.

"ఇది జలపాతం," అన్నాడు కోల్బెయిన్. అంతటితో ఊరుకోబోయి, భార్య మాట గుర్తొచ్చి మళ్ళీ నోరు తెరిచాడు. "మా ఆవిడ వాళ్ళ తాత ఇక్కడే పెళ్ళి మాట అడిగాడు. ఈ హోరులో ఆవిడకి వినపడలేదు. ఆయనకి రెండోసారి అడిగే ధైర్యం రావడానికి ఏడాది పట్టింది."

యూప్ పడీ పడీ నవ్వాడు. "బాగుంది. ఇది మీకెవరు రాసిచ్చారు?"

"ఏది?"

"ఈ కథ."

"ఎవరూ రాయలేదు. జరిగింది."

"చూశావా, ఎంత అడిగినా బయటపడడు," అన్నాడు యూప్ భార్యతో మెచ్చుకోలుగా.

కోల్బెయిన్ జేబులోంచి ఎండు చేప తీసి, వెన్న రాసి ఇద్దరికీ ఇచ్చాడు. టీనెకె అది చెప్పు అట్ట కాదని నిర్ధారించుకున్నాక నమలడం మొదలుపెట్టింది. వీక్ దగ్గరపడే దాకా నములుతూనే ఉంది. అందువల్ల జీపులో పెద్దగా మాటలు సాగలేదు. కోల్బెయిన్‌కు ఈ చుట్టాలు నచ్చడం మొదలైంది.

దారిలో ఒక చిన్న చర్చి ఉంది. అక్కడ హల్బెరా తాత, అవ్వల సమాధులున్నాయి. కోల్బెయిన్ అక్కడ ఆపి టోపీ తీసి, "మీ వాళ్ళే," అన్నాడు. టీనెకె మర్యాదకు తలవంచుకుని నిలబడింది. యూప్ ఆమెను ఫోటో తీశాడు. ఊరూ పేరూ తెలియని సమాధుల ముందు ఇంత భక్తిగా నిలబడడం టీనెకెకు కూడా కొత్తగానే ఉంది, కాని మనసుకు హాయిగా ఉంది.

నల్ల ఇసుక తీరంలో గాలి ఎక్కువగా ఉంది. సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాల ముందు ఫోటో తీయించుకోవాలని యూప్ నీళ్ళకు వీపు పెట్టి, కెమెరా భార్య చేతికిచ్చి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు. అక్కడి అలలు చెప్పి రావు. కోల్బెయిన్ పరుగెత్తుకెళ్ళి కోటు కాలరు పట్టి గొర్రెను లాగినట్టు లాక్కొచ్చాడు. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. అల వాళ్ళ బూట్లను తడిపి వెనక్కి పోయింది.

"చావాలనుందా నీకు?" అన్నాడు కోల్బెయిన్ రొప్పుతూ. "నీ కోసం మా ఆవిడ మూడేళ్ళు వెతికింది."

యూప్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మూడేళ్ళా?"

"మనం చోటు కొన్నది మార్చిలో కదా," అంది టీనెకె.

"పిచ్చిదానా, అది కథలో భాగం," అన్నాడు యూప్. అని, అల వచ్చిన చోటే చూశాడు. తర్వాత కోల్బెయిన్ చేయి పట్టుకుని గట్టిగా ఊపాడు. ఆ ఊపులో కథేమీ లేదు.

యోరున్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. చూపు మసక. వచ్చినవాళ్ళను దగ్గరికి రమ్మని, యూప్ మొహాన్ని రెండు చేతులా తడిమింది. నుదురు తడిమింది, చెంపలు తడిమింది, ముక్కు దగ్గర ఆగింది.

"ఇది మా నాన్న ముక్కు," అని ఏడవడం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో యోరున్ ఏడవడం ఎవరూ చూసి ఉండలేదు. కోల్బెయిన్ కిటికీలోంచి బయటికి చూశాడు. హల్బెరా గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. యూప్ మోకాళ్ళ మీద కూర్చుని, ఏం చేయాలో తోచక, ఆవిడ వీపు నిమిరాడు. ఆవిడ ఎంతకీ వదలలేదు.

భోజనానికి గొర్రెమాంసం సూప్ పెట్టారు. యూప్ రెండోసారి పోయించుకున్నాడు. గిన్నెలు అందించే వంకతో టీనెకె వంటింట్లోకి వచ్చి హల్బెరా చెవిలో అడిగింది.

"పెద్దావిడకి ఇలా ఏడవడం కష్టం కాదూ? వారంలో ఎన్ని రోజులు చేయిస్తారు?"

హల్బెరా అయోమయంగా చూసింది. "చేయించడమేంటి? ఈ రోజు కోసం బతికుంది ఆవిడ."

"నిజమే, నిజమే," అంది టీనెకె ఆమె చేయి నొక్కుతూ. "మీరూ చాలా బాగా చేస్తున్నారు. మా ఆయన టులిప్ దుంపల వ్యాపారంలో ఎన్ని దేశాలు తిరిగాడో. ఇంత సహజంగా ఎక్కడా చూడలేదట."

ఆవిడ వెళ్ళగానే హల్బెరా భర్తను వంటింట్లోకి లాగి తలుపు వేసింది.

"ఆయన రైల్వే కదా. టులిప్ దుంపలంటుందేంటి?"

"రిటైరయ్యాక ఏదో ఒకటి చేసుకోవాలిగా."

"యూప్ అని పిలుస్తున్నావేంటి మరి?"

"ముద్దుపేరు."

"వాలెస్‌కి యూప్ ముద్దుపేరెలా అవుతుంది?"

"మా అన్నని బుయ్ అనట్లేదా?"

హల్బెరా దీనికి జవాబు చెప్పేలోపు ఆమె ఫోను మోగింది. అవతల థెల్మా. గాలిలోంచి మాట్లాడుతున్నట్టుంది.

"హల్బెరా, మీకెలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. యోరున్ గారి సూప్ ఎంత బాగుందో. ఆవిడకి తొంభై అంటే ఎవరు నమ్ముతారు? అరవై దాటినట్టు లేరు. మీ అమ్మాయి ఎల్వా కూడా ఎంత మర్యాదో. ఇప్పుడే హిమానీనదానికి బయల్దేరాం."

హల్బెరాకు అమ్మాయిలు లేరు. యోరున్ తలుపుకు అవతల కూర్చుని సూప్ తాగుతోంది.

"థెల్మా గారూ, మీరు హిమానీనదం దగ్గరే ఉండండి. ఎక్కడికీ కదలకండి. అక్కడొక పొరపాటు..." అంటుండగానే ఫోను కొండ చాటుకు పోయింది.

హల్బెరా స్టూలు మీద కూర్చుంది. "వాళ్ళెవరు కోల్బెయిన్?"

"ఎవరు?"

"నువ్వు తెచ్చినవాళ్ళు."

కోల్బెయిన్ తలుపు కొద్దిగా తెరిచి, యోరున్ పక్కన కూర్చుని రొట్టె ముక్క తుంచి ఆమె చేతికి అందిస్తున్న యూప్‌ను చాలాసేపు చూశాడు. "మొహాలు చూసే ఎక్కించుకున్నాను," అన్నాడు.

"పెద్దమ్మకి తెలియకూడదు. ఆవిడ గుండె ఆగిపోతుంది. హిమానీనదం చూపిస్తామని వీళ్ళని తీసుకెళ్ళి, అక్కడ ఇచ్చేసి, మనవాళ్ళని తెచ్చుకుందాం."

"ఆవిడ ముక్కు పట్టుకు చూసిందిగా."

"వాలెస్‌కీ ఉంటుంది ముక్కు."

తలుపు తెరుచుకుంది. యోరున్ చేతికర్రతో నిలబడి ఉంది. కోటు అప్పటికే తొడుక్కుంది.

"నేనూ వస్తున్నా అల్లుడూ. మా పెదనాన్న మనవడితో కలిసి చూస్తా హిమానీనదం."

"అక్కడ చలి అత్తయ్యా," అన్నాడు కోల్బెయిన్.

"మంచు కదూ, ఉంటుంది మరి. నడువు."

ఎవరూ ఆమెను ఆపలేకపోయారు. వెనక సీట్లో యోరున్‌ను మధ్యన కూర్చోబెట్టుకుని యూప్, టీనెకె చెరోవైపు కూర్చున్నారు. దారి పొడుగునా ఆమె యూప్ చేయి వదలలేదు. ఎడమ పక్క సముద్రాన్ని, కుడి పక్క కొండల్ని చూపిస్తూ ఎవరి పొలం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో, ఎవరి గొర్రెలు ఎవరి గడ్డి మేశాయో చెప్పుకుంటూ పోయింది. భాష తెలియని యూప్ ప్రతిదానికీ తలూపాడు. ముందు సీట్లో హల్బెరా, స్టీరింగు దగ్గర కోల్బెయిన్ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

హిమానీనదం దగ్గర బళ్ళు ఆపే చోట తెల్ల వ్యాను నిలబడి ఉంది. దాని పక్కన బామ్మ వేషంలో ఒకావిడ ఉంది. నల్ల గౌను, కుచ్చు టోపీ. పేరు దీసా. నాటక సమాజంలో పాతికేళ్ళు వేషాలు వేసిన మనిషి, ఇప్పుడు కంపెనీ తరఫున యాత్రికులకు బామ్మ. థెల్మా ఆమె చేతిని రెండు చేతులా పట్టుకుని ఉంది. ఆ పూట దీసాకు కూడా ఏదో వింతగానే ఉంది. మామూలుగా తాను కావలించుకుంటే యాత్రికులు ఫోటోలు తీసుకుంటారు. ఈ ఇద్దరు వెక్కి వెక్కి ఏడ్చారు. వేషం నాదా వాళ్ళదా అని ఎల్వాను కూడా అడిగింది.

కోల్బెయిన్ జీపును కాస్త దూరంగా ఆపి, యోరున్ చలికి దిగకూడదని కిటికీ ఎక్కించబోయాడు. ఎక్కిందనుకుని దిగాడు. యూప్, టీనెకె కూడా దిగారు.

"థెల్మా గారూ, నేను హల్బెరాని," అంది హల్బెరా గొంతు తగ్గించి. "మీరు వేరేవాళ్ళతో వచ్చేశారు."

"వేరేవాళ్ళెవరు? ఇదిగో యోరున్ గారు," అంది థెల్మా దీసా చేయి వదలకుండా.

"నేను పొద్దుట్నుంచీ చెప్తున్నానమ్మా, నా పేరు దీసా అని, ఇది వేషమని," అంది దీసా.

"మీరు సరదాకంటున్నారనుకున్నాం."

"ఏమంటున్నారు?" అన్నాడు వాలెస్.

"ఈవిడ యోరున్ కాదట."

"బాగానే ఉందిగా," అన్నాడు వాలెస్.

ఎల్వా తన చేతిలో ఉన్న పేరును ఇంకోసారి చదువుకుని, పొడుగాటి డచ్చి ముసలాయన వైపు చూసి, మొహం పాలిపోయి నిలబడింది. యూప్‌కు అందరికంటే ఆలస్యంగా అర్థమైంది గాని, అర్థమయ్యాక పూర్తిగా అర్థమైంది. జలపాతం కింద పెళ్ళి మాట, చర్చి సమాధులు, మూడేళ్ళు వెతకడం. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అంటే ఆవిడ నిజంగానే ఏడ్చిందా?"

"నిజంగానే," అంది హల్బెరా.

"నేను భోజనం దగ్గరే ఫోనులో అభిప్రాయం రాసి కంపెనీకి పంపేశాను. ఆవిడ ఏడుపుకి నాలుగు చుక్కలే ఇచ్చాను."

వెనక నుంచి యోరున్ గొంతు వినపడింది. జీపు కిటికీ సగమే ఎక్కింది. ఆవిడకు చూపు మందగించింది గాని చెవులు బాగానే ఉన్నాయి. హల్బెరా, ఎల్వా, దీసా తమ భాషలో గుసగుసలాడుకున్నవన్నీ, చుక్కల సంగతితో సహా, విన్నది.

"ఐదు చుక్కలకి నాలుగా?" అంది.

ఎల్వా నెమ్మదిగా, "అవునండీ, ఐదుకి నాలుగు," అంది.

"ఒకటి దేనికి తగ్గించాడో అడుగు."

అడిగారు. కొంచెం ఎక్కువైందనిపించిందట అని చెప్పారు. యోరున్ ఆలోచించింది. "ఎక్కువే అయింది," అని ఒప్పుకుని, తలుపు తెరవమంది.

కోల్బెయిన్ ఆమెను దింపి నిలబెట్టాడు. ఆమె కర్ర ఆనించుకుంటూ వాలెస్ ముందుకు వెళ్ళింది. మొహం తడమలేదు. ఒకసారి తడిమి మోసపోయింది కనక ఈసారి ప్రశ్నలే వేసింది. హల్బెరా ఆ ప్రశ్నలను వాలెస్ చెవిలో ఇంగ్లీషులో అరిచింది.

"మీ తాత బ్రెక్కా గురించి ఏం చెప్పేవాడు?"

వాలెస్ మొహం వెలిగింది. చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చిన విషయం అది. "తలుపు తెరిస్తే ఎదురుగా సముద్రంలో దీవులు కనపడేవట. ఇంటి వెనక జలపాతం. గాలి ఎక్కువైన రోజున నీళ్ళు కిందికి పడకుండా పైకి లేచేవట. మా తాత చచ్చిపోయే ముందు కూడా ఆ దీవుల పేర్లే చెప్పాడు."

హల్బెరా తర్జుమా చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయింది. ఆమెకు కూడా తెలుసు.

"మా బ్రెక్కా నుంచి దీవులు కనపడవు," అంది యోరున్. "కొండ అడ్డం. మాకు కనపడేవి సముద్రంలో రాతి స్తంభాలు. జలపాతం లేదు, బురదే. పైకి లేచే జలపాతాలు ఆ పడమటి కొండల కింద వాళ్ళకి."

బ్రెక్కా అంటే ఏటవాలు అని అర్థం. కొండలే తప్ప మరేమీ లేని దేశంలో ఆ పేరుగల పొలాలు ఎన్ని ఉంటాయో హల్బెరాకు తెలియక కాదు. మూడేళ్ళు వెతికి దొరికాక, ఇంకోసారి చూడాలని మనసుకు అనిపించలేదు.

"మా అమ్మమ్మది బ్రెక్కాయే," అంది దీసా. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కుచ్చు టోపీ తీసి చేత్తో పట్టుకుంది. "పడమటి కొండల కింద. తలుపు తెరిస్తే దీవులే. అమ్మమ్మ అన్న ఒకాయన కెనడా వెళ్ళాడని చెప్పేది. బ్యార్ని. వెళ్ళేముందు ఆవిడ గొర్రెపిల్లని అమ్మి ఓడ టికెట్ కొన్నాడని, ఆయన్ని క్షమించకుండానే పోయింది."

వాలెస్ చెవిలో థెల్మా ఇదంతా అరిచింది. ఆయన అంతా విని, "గొర్రెపిల్ల సంగతి తాతా చెప్పాడు," అన్నాడు. "తిరిగి కొనిపెడతానన్నాడట."

దీసా ఏడ్చింది. పాతికేళ్ళు నాటకాల్లో ఏడ్చిన మనిషికి ఈ ఏడుపు సరిగా రాలేదు, ముక్కు కారింది. టీనెకె తన రుమాలు ఇచ్చింది. పొద్దుట్నుంచి చుట్టరికం నటించిన చోట చుట్టరికమే బయటపడింది. పొరపాటున ఎక్కిన వ్యాను ఆ ముసలి దంపతులను సరిగ్గా వెళ్ళవలసిన ఇంటికే తీసుకెళ్ళింది.

"అయితే నేను తప్పేం చేయలేదన్నమాట," అన్నాడు కోల్బెయిన్ నెమ్మదిగా.

"నువ్వు మాట్లాడకు," అంది హల్బెరా.

"మాట్లాడమన్నావుగా."

హల్బెరా అతని వైపు చూడలేదు. ఆమె పెద్దమ్మ వైపు చూస్తోంది. యోరున్ కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడి ఉంది. కనపడని సముద్రం వైపు తిరిగి ఉంది.

"మరి మా పెదనాన్న ఏమయ్యాడు?" అంది.

తండ్రి అడిగి పోయాడు, తను అడుగుతూ వచ్చింది, ఆ ప్రశ్న ఎప్పటిలాగే ఉంది. థెల్మా నేల చూపులు చూసింది. హల్బెరాకు తన మూడేళ్ళ కష్టమంతా పట్టుకెళ్ళి ఎవరో కొత్త మనిషి ఒళ్ళో పోసినట్టయింది. అయినా దీసా మొహం చూస్తే ఆమె మీద కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి ఎవరూ దొరకని బాధ ఇంకోటి.

అప్పుడు యూప్ ముందుకు వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని, వంగి, యోరున్‌కు కనపడేంత దగ్గరగా మొహం పెట్టి, క్షమించమని అడిగాడు. ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడకు అది రాదు. అయినా విన్నది.

"ఏమంటాడు?"

"ఏడుపుకి ఐదు చుక్కలు ఇచ్చేస్తానంటున్నాడు," అన్నాడు కోల్బెయిన్. యూప్ అలా అనలేదు. కాని అంత పొడుగు మాటలు తర్జుమా చేయడం అతనికి చేతకాదు.

యోరున్ పెదవి ఒక వైపు వంగింది. అది నవ్వని తెలిసినవాళ్ళకు తెలుస్తుంది.

"అక్కర్లేదులే," అంది. "ఏడుపంతా వీళ్ళ మీద అయిపోయింది అల్లుడూ. ఇంకో జత వస్తే మళ్ళీ ఏడవడం నా వల్ల కాదు. వీళ్ళనే ఉండనీ. ఇంట్లో పాన్‌కేకులు చేసి పెట్టింది హల్బెరా."

ఎల్వా గొంతు సవరించుకుంది. "నాదొక్కటే సందేహమండీ. ఇప్పుడు నా యాత్రికులెవరు?"

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. దీసా తన చుట్టాలను తన ఇంటికి తీసుకెళుతుంది, వాళ్ళు యాత్రికులు కారు. యూప్, టీనెకె యోరున్ ఇంటికి వెళుతున్నారు, వాళ్ళు ఇక యాత్రికులుగా ఉండడానికి వీల్లేదని ముసలావిడ చెప్పేసింది. ఎల్వా పాన్‌కేకులంటే తనకూ ఇష్టమేనని చెప్పి వెనక వ్యానులో వస్తానంది. ముందుగా వాలెస్, థెల్మా, దీసాలను దీసా ఉండే స్కోగర్ ఊరి దాకా దింపి వచ్చింది. వెళ్ళేముందు వాలెస్ అందరికీ చేతులిచ్చాడు. ఏం జరిగిందో ఆయనకు ఎంతవరకు వినపడిందో ఎవరికీ తెలియదు, కాని దీసా పక్క సీటు మాత్రం వదల్లేదు.

వీక్ ఇంట్లో పాన్‌కేకులు, కాఫీ సాయంత్రం దాకా సాగాయి. యోరున్ తన తండ్రి అన్న గురించి యూప్‌కు మొదట్నుంచీ చెప్పింది. హల్బెరా తర్జుమా చేసింది. యూప్ మధ్యలో ప్రశ్నలు వేశాడు, ఓడ పేరేంటి, ఏ రేవులో దిగాడు అని. ఓడల రాకపోకల సంగతి తనకు కాస్త తెలుసని, ఊరికి వెళ్ళాక రేవుల పాత కాగితాలు అడిగి చూస్తానని అన్నాడు. దొరుకుతుందని అనలేదు. యోరున్ కూడా అడగలేదు. ఆమె ఇంకో పాన్‌కేకు అతని పళ్ళెంలో వేసింది. హల్బెరా లేచి కంప్యూటరు తెచ్చి, యూప్ పక్కన కుర్చీ లాక్కుంది.

వేసవి కనక చీకటి పడని ఆ రాత్రి, కోల్బెయిన్ ఆ ఇద్దర్నీ హోటల్‌కు తిరిగి తీసుకెళుతున్నాడు. కొండల మీద పొగమంచు దిగి రోడ్డు తప్ప మరేమీ కనపడడం లేదు. టీనెకె చేతి సంచీలోంచి కెమెరా తీసి, ఆ రోజు తీసిన ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. జలపాతం ఉంది, సమాధులు ఉన్నాయి, ఇసుకలో పడ్డ భర్త ఉన్నాడు, యోరున్ ఉంది.

"హిమానీనదం లేదే," అంది. "మనం చూడాల్సింది కదా. ఎక్కడుందది?"

"అక్కడ నిలబడి మాట్లాడుకున్నంతసేపూ మీ వెనకే ఉంది," అన్నాడు కోల్బెయిన్.